పాత నెగటివ్‌లకి వెట్ మౌంటింగ్: ఎప్సన్ వీ750 మీద ఇంట్లో వాడి చూశాక

సంగతి ముందే చెప్పేస్తా, పూర్తిగా చదివే ఓపిక లేనివాళ్ళకి పనికొస్తుంది. మీ దగ్గర గీతలు పడ్డవి, చుట్టుకుపోయినవి, పాత బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లు ఉంటే వెట్ మౌంటింగ్ చేసి తీరాల్సిందే, ఇంట్లో ఫ్లాట్‌బెడ్ స్కానర్ (కాగితం పరిచి పెట్టే గాజు పలక ఉండే రకం) మీద అంతకన్నా మంచి స్కాన్ నాకైతే ఇంకే రకంగానూ రాలేదు. అదే మొన్నీమధ్య ల్యాబ్‌లో కడిగించిన శుభ్రమైన కలర్ రీలు అయితే మాత్రం ఈ శ్రమంతా దండగ, మామూలు హోల్డర్లో పెట్టి స్కాన్ చేసేసుకోండి. ఈ రెండు ముక్కలూ ఎవరూ కలిపి చెప్పట్లేదు, ఒకళ్ళు అద్భుతం అంటారు ఇంకొకళ్ళు తేడానే లేదంటారు, ఇద్దరూ చెప్పేది నిజమే, కాకపోతే ఇద్దరి చేతుల్లో ఉన్న ఫిల్మ్ వేరు.

అసలు ఇదేంటో తెలియనివాళ్ళకి. నెగటివ్‌ని పొడిగా కాకుండా, త్వరగా ఆరిపోయే ఒక ద్రవంలో తడిపి, గాజుకి అంటించి, పైన పల్చటి ప్లాస్టిక్ షీట్ వేసి స్కాన్ చెయ్యడం. ఇది కొత్త విద్యేం కాదు, డ్రమ్ స్కానర్లు నడిచిన రోజుల్లో ఫిల్మ్‌ని అక్రిలిక్ డ్రమ్ముకి నూనెతోనో ఫ్లూయిడ్‌తోనో అంటించి తిప్పేవాళ్ళు, మ్యాగజైన్ కవర్లకీ పెద్ద పెద్ద పోస్టర్లకీ అలా చేసిన స్కాన్లే వెళ్ళేవి. దాన్నే ఫ్లాట్‌బెడ్‌కి తెచ్చారు. 2006లో వచ్చిన ఎప్సన్ వీ750 ప్రోకి ఫ్లూయిడ్ మౌంట్ ట్రే కూడా ఉండేది, అంటే కంపెనీ వాళ్ళే ఈ పని కోసం ఆలోచించి చేసిన స్కానర్ అన్నమాట. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ వీ750, దాంతో ట్రే రాలేదు, అందుకని గాజు ట్రే సొంతంగా తయారు చేసుకున్నా, దాని సంగతి కింద వివరంగా రాస్తా.

ఎందుకు పనిచేస్తుందో చెప్పాలంటే బాత్‌రూమ్ కిటికీకి ఉండే గరుకు గాజు గుర్తు తెచ్చుకోండి, మామూలుగా అవతల ఏముందో కనపడదు, దాని గరుకు వైపు నీళ్ళు చల్లితే ఆ తడిసిన చోట స్పష్టంగా కనిపిస్తుంది. గీత పడ్డ ఫిల్మ్ కూడా అంతే. ఫిల్మ్ బేస్, అంటే బొమ్మ పూతని మోసే ట్రైఅసిటేట్ ప్లాస్టిక్, దాని వక్రీభవన గుణకం (వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.48, గాలిది 1. ఈ రెండూ కలిసే చోట వెలుగు వంగుతుంది, గీత ఉంటే చెల్లాచెదురు అవుతుంది, స్కాన్‌లో అది గీతలాగా పడుతుంది. ఆ గీతలోకి 1.4 దగ్గర గుణకం ఉన్న ద్రవం వెళ్ళి కూర్చుంటే వెలుగుకి అక్కడ గీత ఉన్నట్టే తెలీదు. ఇంకోటి, గాలికి ఆనుకుని ఉన్న ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం వెలుగు వెనక్కి తిరిగిపోతుంది, అలా తిరిగింది ఎక్కడెక్కడో కొట్టుకుని మళ్ళీ సెన్సర్ మీద పడి నలుపుల్ని పలచన చేస్తుంది. ద్రవం ఉంటే ఆ 4 శాతం కాస్తా 0.1 శాతం కన్నా కిందకి వస్తుంది, లెక్క వేసుకుని చూడొచ్చు. న్యూటన్ రింగులు (ఫిల్మ్ గాజుకి ఆనుకున్న చోట పడే వలయాలు) రాకపోవడం కూడా ఇందుకే, ఫిల్మ్‌కీ గాజుకీ మధ్య గాలి పొరే లేనప్పుడు రింగులు ఎక్కణ్ణుంచి వస్తాయి.

మరి బ్లాక్ అండ్ వైట్‌కే ఎందుకు అంటున్నానంటే, కలర్ నెగటివ్‌కి స్కానర్‌లోనే డిజిటల్ ఐస్ అనే దుమ్ము తీసే సదుపాయం ఉంది కదా. స్కానర్ ఇన్‌ఫ్రారెడ్‌తో ఇంకోసారి చూసి, దుమ్మూ గీతలూ ఎక్కడున్నాయో కనిపెట్టి పూడ్చేస్తుంది, కలర్ ఫిల్మ్‌లో ఉండే రంగు డైలు ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకోవు కాబట్టి అది కుదురుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మంతా వెండే, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపేస్తుంది, దాంతో ఐస్ బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. కోడాక్రోమ్ స్లైడ్లకి కూడా ఈ గొడవ ఉంది. ఇల్‌ఫోర్డ్ ఎక్స్‌పీ2 లాంటిది ఒక్కటే మినహాయింపు, అది కలర్ కెమికల్స్‌లో కడిగే బ్లాక్ అండ్ వైట్, దానికి ఐస్ బాగానే పనిచేస్తుంది. మిగతా వాటికి రెండే దార్లు, ఒకటి ఫోటోషాప్‌లో కూర్చుని ఒక్కో గీతా చేత్తో పూడ్చుకోవడం, రెండోది ఇదిగో ఈ తడి పద్ధతి.

నాకు ఈ అవసరం ఎందుకొచ్చిందంటే మా బాబాయికి తెనాల్లో ఫోటో స్టూడియో ఉండేది, ఆయన దాచిన 120 సైజు (వెడల్పాటి రోల్ ఫిల్మ్) నెగటివ్‌లు అట్టపెట్టెల నిండా ఉన్నాయి, ఎక్కువ ఆరు బై ఆరు సెంటీమీటర్లవి, యాషికా మ్యాట్ కెమెరా మీద తీసినవి. అంచుల మీద చూస్తే కొన్ని ఓర్వో కంపెనీ ఫిల్మ్‌లు, కొన్ని ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు ఫిల్మ్‌లు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పూలజడ ఫోటోలు, బళ్ళో గ్రూపు ఫోటోలు. ప్రింట్లు వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నాయో పోయాయో తెలీదు, నెగటివ్‌లు మాత్రం ఉన్నాయి. బటర్ పేపర్ కవర్లలో పెట్టినవి బాగున్నాయి, ఒకదాని మీద ఒకటి పేర్చినవి మాత్రం ఒరుసుకుని ఒరుసుకుని బేస్ వైపు సన్న గీతలతో నిండిపోయాయి, పైగా విల్లులా వంగిపోయాయి.

స్కానర్ గురించి కాస్త. బాక్స్ మీద 6400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క) అని ఉంటుంది, నిజంగా తీయగలిగింది 2300 దగ్గర ఆగిపోతుందని టెస్ట్ చార్టులు పెట్టి కొలిచినవాళ్ళు ఎప్పుడో తేల్చారు. 2014లో వచ్చిన వీ850కి కూడా దాదాపు అంతే, అందులో ల్యాంప్ బదులు ఎల్‌ఈడీ వచ్చింది కాబట్టి వేడెక్కేదాకా ఆగక్కర్లేదు. 2300 అంటే తక్కువేం కాదు, ఆరు బై ఆరు నెగటివ్‌కి వైపుకి 5000 పిక్సెల్స్ పైనే, అంటే 25 మెగాపిక్సెల్స్, 300 డీపీఐలో పదహారు పదిహేడు అంగుళాల ప్రింటు వేసుకోవచ్చు. 35 ఎంఎంకి మాత్రం లెక్క 7 మెగాపిక్సెల్స్ దగ్గర ఆగిపోతుంది. ఈ హద్దుని వెట్ మౌంటింగ్ దాటించదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ద్రవం పోస్తే లెన్స్ మారిపోదు.

మరి తడి స్కాన్ షార్ప్‌గా వచ్చిందని అందరూ ఎందుకంటారు? ఇక్కడే నేను కాస్త గట్టిగా మాట్లాడతా. ఆ షార్ప్‌నెస్‌లో సగం పైన ద్రవం వల్ల వచ్చింది కాదు, ఫిల్మ్ సాపుగా పడుకోవడం వల్లా, సరైన ఎత్తులో ఉండటం వల్లా వచ్చింది. వీ700, వీ750లో ఫోకస్ మారదు, లెన్స్ గాజు పైన ఇంచుమించు 3 మిల్లీమీటర్ల దగ్గర చూస్తుంది, అందుకే వాళ్ళ హోల్డర్లకి 2.5, 3, 3.5 అని మూడు ఎత్తులు పెట్టే కాళ్ళు ఇచ్చారు. మీ స్కానర్‌ది సరిగ్గా ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి, ఒక్కో పీసుకీ కొంచెం తేడా ఉంటుంది. వంగిపోయిన 120 ఫిల్మ్ హోల్డర్లో మధ్యలో కిందకి జారుతుంది, దాంతో అంచులు ఒక ఎత్తులో మధ్య భాగం ఇంకో ఎత్తులో. దాన్ని తీసి గాజుకి తడిగా అంటిస్తే ఒక్కసారిగా అంతా సాపు, చూసినవాళ్ళు అబ్బో ఫ్లూయిడ్ మహిమ అంటారు. నేను అదే నెగటివ్‌ని అదే గాజు కింద, అదే ఎత్తులో, పొడిగా టేపుతో లాగి అంటించి కూడా స్కాన్ చేసి చూశా. షార్ప్‌నెస్‌లో రెంటికీ తేడా వెతుక్కోవాలి. గీతల్లో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

కాబట్టి ఎవరైనా ద్రవం కొనే ముందు ఎత్తు సెట్ చేసుకోండి, దానికి ఖర్చు అసలు లేదు. పాత ఏటీఎం కార్డులు తీసుకోండి, ప్రపంచంలో ఎక్కడైనా వాటి మందం 0.76 మిల్లీమీటర్లే, నాలుగు పేరిస్తే 3.04. గాజు నాలుగు మూలల కిందా ఒక్కో బొత్తి పెట్టి, మధ్యలో సన్న తేడాకి విజిటింగ్ కార్డులు కలుపుతూ తీస్తూ, ప్రతిసారీ ఒకే చిన్న ముక్క స్కాన్ చేసి గ్రెయిన్, అంటే ఫిల్మ్‌లో కనిపించే సన్న రవ్వలు, ఎక్కడ గట్టిగా కనిపిస్తుందో చూడండి. మొహాలు చూసి తేల్చకండి, ఫోటోలోనే ఫోకస్ తప్పి ఉండొచ్చు, గ్రెయిన్ మాత్రమే నమ్మాలి. ఎత్తు కుదిరాక అదే మందంలో అక్రిలిక్ ముక్కలు కోయించి గాజుకి శాశ్వతంగా అంటించేసుకుంటే ట్రే తయారు. సాఫ్ట్‌వేర్‌లో ఫిల్మ్ హోల్డర్ అనే ఆప్షనే పెట్టుకోవాలి, ఏరియా గైడ్ పెడితే గాజు మీద ఫోకస్ చేసే రెండో లెన్స్ మీదకి వెళ్ళిపోతుంది, అప్పుడు మీరు పెట్టిన ఎత్తంతా వృథా. ఇంకో మాట, స్కానర్ గాజు పై చివర కాలిబ్రేషన్ కోసం, అంటే స్కానర్ తనని తాను సరిచూసుకోవడానికి, ఒక పట్టీ జాగా ఉంటుంది, అక్కడ మీ గాజు గానీ టేపు గానీ అడ్డం రాకూడదు, వస్తే స్కాన్ పొడుగునా చారలు వస్తాయి.

గాజు కోసం ఫోటో ఫ్రేములు కట్టే షాపుకి వెళ్ళండి, 2 మిల్లీమీటర్ల క్లియర్ గ్లాస్ కోసి ఇస్తారు, అంచులు రుద్దించుకోవడం మర్చిపోకండి, వేళ్ళు తెగుతాయి. ఫిల్మ్ ఉండేది గాజు పైన కాదు, గాజు అడుగున వేలాడుతూ ఉండాలి. అప్పుడు లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య పల్చటి షీట్ ఒక్కటే అడ్డం, గాజు వెలుగొచ్చే వైపు ఉండిపోతుంది, దాని మీద నలుసు పడినా ఫోకస్‌లో ఉండదు కాబట్టి కనపడదు.

షీట్ అంటే పాలిస్టర్, మైలార్ అంటారు. డ్రమ్ స్కానర్ల కోసం ప్రత్యేకంగా అమ్మేది శ్రేష్ఠం. మన ఊళ్ళల్లో దొరక్కపోతే జిరాక్స్ షాపుల్లో వాడే సాదా ఓహెచ్‌పీ షీటు పనిచేస్తుంది, ఇంక్‌జెట్ కోసం గరుకు పూత ఉన్న రకం మాత్రం తీసుకోకండి, ఆ గరుకంతా బొమ్మలో కనిపిస్తుంది. కొత్త ప్యాకెట్‌లో మధ్య షీట్లు తీసుకోండి, పైదీ కిందదీ గీతలు పడి ఉంటాయి.

ఇక ద్రవం. అమెరికాలో ఉండే మనవాళ్ళకి ఇది సమస్యే కాదు, కామి, ల్యూమినా అని స్కానింగ్ కోసమే చేసినవి కొనుక్కోవచ్చు. ఇండియాకి తెప్పించుకోవడం కష్టం, మండే ద్రవం కాబట్టి విమానంలో మామూలు పార్సిల్‌గా పంపరు. ఇక్కడ దొరికేవాటిలో నేను వాడుతున్నది సిగరెట్ లైటర్లలో పోసే ఫ్లూయిడ్, అది నాఫ్తా, మచ్చ లేకుండా ఆరిపోతుంది, ఫిల్మ్ మీది బొమ్మ పూతలో ఉండే జెలటిన్‌ని ఉబ్బించదు, పైగా పాత వేలిముద్రల జిడ్డు కూడా కరిగించి తీసేస్తుంది. సీసా మారినప్పుడల్లా ఒక చుక్క గాజు మీద వేసి ఆరనిచ్చి, మరక పడుతుందేమో చూసుకున్నాకే నెగటివ్ దగ్గరికి తీసుకెళ్తా. పెయింటు షాపుల్లో దొరికే ఎంటీవో (మినరల్ టర్పెంటైన్ ఆయిల్) గురించి చాలామంది అడుగుతారు, వద్దు, త్వరగా ఆరదు, వాసన రోజుల తరబడి పోదు. బేబీ ఆయిల్ లాంటి నూనెలు వెలుగు లెక్కలో నాఫ్తా కంటే మేలే, 1.47 దాకా ఉంటాయి, కానీ స్కాన్ అయ్యాక ఆ జిడ్డు వదిలించడం మళ్ళీ పెద్ద పని. మొబైల్ రిపేర్ వాళ్ళు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) నీళ్ళని పీల్చుకునే రకం, నాఫ్తా దొరుకుతుంటే దాని జోలికి పోనక్కర్లేదు. నీళ్ళు ససేమిరా వద్దు, ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే ఆ జెలటిన్ పూత, ఉబ్బి గాజుకి అంటుకుపోతుంది. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ అయితే ఫిల్మ్ బేస్‌నే పాడుచేసేస్తుంది, ఆ సీసా ఆ గదిలోనే ఉండకూడదు.

నాఫ్తా అంటే పెట్రోల్‌కి చుట్టం, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, కిందకి దిగి నేల మీద పాకుతుంది. దేవుడి గదిలో దీపం, అగరొత్తి, పక్క గదిలో గ్యాస్ పొయ్యి, దోమల బ్యాట్, ఇవేవీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. కిటికీలు బార్లా తీసి పెట్టుకోవాలి, ఫ్యాన్ వేస్తే దుమ్ము లేస్తుంది కాబట్టి ఫ్యాన్ లేకుండా గాలి ఆడే గది చూసుకోవాలి. చేతికి నైట్రైల్ గ్లవ్స్, మామూలు రబ్బరు గ్లవ్స్ నాఫ్తాకి ఉబ్బిపోతాయి. మే నెల మధ్యాహ్నాలు ఈ పని పెట్టుకోకండి, మన ఎండలకి స్కాన్ సగంలో ఉండగానే అంచులు ఆరిపోతాయి, అసలు ఆ వేడిలో ఈ సీసా మూత తీయడమే మంచిది కాదు. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, దుమ్ము అణిగి ఉంటుంది, నేనైతే అప్పుడే చేస్తా. పిల్లలు ఉన్న ఇల్లైతే సీసా పైన అలమార్లో తాళం వేసి పెట్టాలి.

చేసే పద్ధతి చూద్దాం. గాజు ట్రే కాళ్ళు పైకి వచ్చేలా తిరగేసి పెట్టుకోవాలి. నెగటివ్ రెండు వైపులా బ్లోయర్‌తో ఊది, ద్రవం గాజు మధ్యలో చిన్న మడుగులా పోసి, నెగటివ్ మెరిసే వైపు కిందకి ఉండేలా ఒక అంచు ముందు ఆనించి మెల్లగా దించాలి, పడేసినట్టు పెడితే గాలి చిక్కుకుంటుంది. దాని మీద మళ్ళీ ద్రవం, ఈసారి ఇంకాస్త ధారాళంగా, ఆపైన షీటు, అదీ ఒక అంచు నుంచే. తర్వాత మెత్తటి గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ కార్డుతో మధ్య నుంచి బయటికి నిమిరితే బుడగలూ ఎక్కువైన ద్రవమూ పక్కకి వచ్చేస్తాయి, వాటిని టిష్యూతో అద్దేయాలి. గట్టిగా నొక్కకూడదు, షీటు కింద నలుసు ఏదైనా ఉంటే అది ఎమల్షన్‌లో దిగిపోతుంది. బుడగలు పోయాయో లేదో మొబైల్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి, ఉంటే వెండి పూసల్లా మెరుస్తాయి. షీటు నాలుగు అంచులకీ టేపు వేసి, చుక్క కూడా కారట్లేదని చూసుకున్నాకే ట్రే తిప్పి స్కానర్ మీద పెట్టాలి. స్కానర్ గాజు మీదే నేరుగా ద్రవం పోసి చేసేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, అంచుల్లోంచి లోపలికి దిగితే అద్దాల మీద పొర కడుతుంది, విప్పి తుడవడం మనవల్ల అయ్యే పని కాదు.

ఇలా పెట్టినప్పుడు ఎమల్షన్ లెన్స్ వైపు ఉంటుంది కాబట్టి బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో మిర్రర్ నొక్కాలి. 16 బిట్ గ్రేస్కేల్, 3200 డీపీఐ పెట్టి తర్వాత 2400కి దించుకుంటా, షార్పెనింగ్ మొత్తం ఆపేసి. ప్రివ్యూ అంటూ కూర్చోకుండా ఫ్రేము ముందే గుర్తు పెట్టుకుని వెంటనే స్కాన్ కొట్టేయాలి, ద్రవం ఆరడం మొదలైతే అంచుల నుంచి చెట్టు కొమ్మల్లాంటి మరకలు లోపలికి పాకుతూ వస్తాయి.

ఫలితం ఎలా ఉందో ఒక్క నెగటివ్ పట్టుకుని చెప్తా. ఓణీల ఫంక్షన్‌లో తీసిన పూలజడ ఫోటో అది, అమ్మాయి స్టూలు మీద కూర్చుని ఉంటే వెనక నిలువుటద్దం, అద్దంలో జడ మొత్తం కనిపించేలా తీసే ఫోటో, మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. పొడి స్కాన్‌లో అద్దం మీదుగా అడ్డంగా దువ్వెనతో గీసినట్టు బోలెడు గీతలు, జడ మీద మల్లెమొగ్గలన్నీ కలిసిపోయి ఒక తెల్ల పట్టీలా ఉన్నాయి. తడి స్కాన్‌లో ఆ దువ్వెన గీతల్లో దాదాపు అన్నీ పోయాయి. రెండు మాత్రం మిగిలాయి, అవి ఎమల్షన్ వైపు లోతుగా పడ్డవి, వెండే లేచిపోయిన చోటు, అక్కడ ఏ ద్రవం పోసినా బొమ్మ తిరిగి రాదు. మొగ్గలు వరసలు వరసలుగా విడివిడిగా కనిపిస్తున్నాయి, మధ్యలో గుచ్చిన చామంతి రేకులు కూడా. నెగటివ్‌లో ఆ భాగమే బాగా దట్టంగా, నల్లగా ఉంటుంది, అటూ ఇటూ కొట్టుకునే వెలుగు తగ్గడం అక్కడే ఎక్కువ ఉపయోగపడింది. మా పిన్ని స్క్రీన్ దగ్గరికి వచ్చి చూసి "ఆ జడ కుట్టింది నేనేరా, చూడు, చివర జడగంటలు కూడా కనపడుతున్నాయి" అంది. పొడి స్కాన్‌లో ఆ జడగంటలు ఉన్నాయని నేను గమనించనే లేదు.

గ్రెయిన్ గురించి కూడా చాలా చెప్తుంటారు. ఎమల్షన్ ఉపరితలం మీద ఉండే చిన్న చిన్న ఎత్తుపల్లాలని ద్రవం కప్పేస్తుంది కాబట్టి గ్రెయిన్ కొంచెం నున్నగా కనిపించడం నిజమే, 35 ఎంఎం హెచ్‌పీ5 లాంటి బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లలో పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. ఆరు బై ఆరులో నాకు పెద్దగా పట్టింపు అనిపించలేదు. దాని కోసమే అయితే ఇంత హంగామా అక్కర్లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంగ్లీషులో చదివిన సూచనల్లో నాకెక్కడా సరిగ్గా కనపడనిది, మన స్టూడియోల నెగటివ్‌లకి ప్రత్యేకంగా వర్తించేది. పోర్ట్రెయిట్ నెగటివ్‌ల మీద రీటచింగ్ ఉంటుంది. మొహం మీద మచ్చలు, కళ్ళ కింద నీడలు, వీటిని స్టూడియో వాళ్ళు డెస్కు ముందు కూర్చుని నెగటివ్ మీదే సన్నగా చెక్కిన పెన్సిల్‌తో దిద్దేవాళ్ళు, పెన్సిల్ పట్టడానికి ముందు రీటచింగ్ మీడియం అని ఒక పూత రాసేవాళ్ళు, అది డామర్ జిగురు టర్పెంటైన్‌లో కలిపి చేసేది. అలాంటి పూత నాఫ్తా తగిలితే లేచిపోవచ్చు, దాంతో పాటు పెన్సిల్ పనీ పోతుంది. నేను పెట్టెలోంచి ఒక పాస్‌పోర్టు సైజు పోర్ట్రెయిట్ తీసి తడపబోతుంటే బాబాయి ఆపి, కిటికీ వైపు ఏటవాలుగా పట్టి చూపించాడు, "ఇదిగో ఈ బుగ్గ మీద మెరుపు తగ్గి మసగ్గా ఉంది చూశావా, అది నా పెన్సిల్ పనిరా, తడిపితే ఒక పూట కష్టం తుడుచుకుపోతుంది" అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి పోర్ట్రెయిట్‌నీ ముందు ఏటవాలు వెలుగులో చూస్తున్నా. మొహం దగ్గర సన్న సన్న చుక్కలు, కామాల్లాంటి గీతలు, ఎర్రటి రంగు పూత, నల్లటి ఒపేక్ (వెలుగుని ఆపడానికి రాసే పూత), వీటిలో ఏది కనిపించినా తడపను, పొడిగానే స్కాన్ చేస్తా. ఆ పెన్సిల్ పని కూడా ఆ ఫోటోలో భాగమే, ఆ చేతిపని చేసేవాళ్ళు ఇప్పుడు అరుదు. మీ ఇంట్లో, మీ ఊరి స్టూడియోలో ఇలాంటివి ఉంటే ఈ ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా తీసుకోండి, తీసినాయన బతికుంటే వెళ్ళి అడగండి.

వెనిగర్ వాసన వస్తున్న ఫిల్మ్ కూడా తడపొద్దు. అది అసిటేట్ బేస్ కుళ్ళిపోతున్న లక్షణం, బేస్ ముడుచుకుపోయి ఎమల్షన్ విడిపోతూ ఉంటుంది, నిమిరితే ఊడొస్తుంది. అలాంటివి మిగతా వాటి నుంచి వేరు చేసి, ముందు వాటినే పొడిగా స్కాన్ చేసేయండి, ఇంకో ఏడాది ఆగితే ఇంకా పాడవుతాయి. ఫంగస్ విషయానికొస్తే, పైపైన పట్టిన బూజు మసక కొంత తగ్గుతుంది, జెలటిన్‌ని తినేసిన చోట సాలెగూడు లాంటి గుర్తులు అలాగే ఉంటాయి.

కలర్ నెగటివ్‌ల మీద కూడా ప్రయత్నించా, కోడాక్ గోల్డ్, పోర్ట్రా. శుభ్రంగా ఉన్నవాటికి తేడా చెప్పుకోదగ్గది కాదు, ఐస్ ఆన్ చేస్తే దుమ్ము సంగతి అదే చూసుకుంటుంది. వంగిపోయినవాటికి పైన చెప్పిన గాజు, ఏటీఎం కార్డుల ఎత్తు, ఈ రెండూ చాలు. న్యూటన్ రింగులు ఇబ్బంది పెడుతుంటే యాంటీ న్యూటన్ గ్లాస్ కొనుక్కోండి, ఒక్కసారి ఖర్చు, ద్రవం గొడవ ఉండదు.

టైము మాత్రం బాగా తింటుంది, తుడవడం, అంటించడం, స్కాన్, ఆరబెట్టడం కలిపి గంటకి నాలుగైదు ఫ్రేములు అయితే గొప్ప. అందుకని నేను మొత్తం పెట్టెలన్నీ తడపట్లేదు. ముందు అన్నీ పొడిగా తక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి, చుట్టాలకి పంపించి, ఎవరికి ఏది కావాలో అడిగి, ప్రింటు వేయించదగ్గవి, గీతలున్నవి ఏరి, అవి మాత్రమే తడి స్కాన్‌కి పెడుతున్నా. మ్యాక్రో లెన్స్, మంచి లైట్ ప్యానెల్ ఉన్నవాళ్ళు కెమెరాతో స్కాన్ చేసుకోవచ్చు, 35 ఎంఎంకి అదే నయం, 2300 డీపీఐ హద్దు అక్కడ ఉండదు. అప్పుడు కూడా గీతలున్న నెగటివ్‌ని ఇదే గాజుకి ఇలాగే తడిగా అంటించి ఫోటో తీయొచ్చు, ట్రే వృథా పోదు.

స్కాన్ అయ్యాక టేపు తీసి షీటు ఒక మూల నుంచి లేపితే నెగటివ్ దానంతట అదే వదులుతుంది, లాగకండి, అంటుకున్నట్టు అనిపిస్తే అంచున ఒక చుక్క ద్రవం వేసి ఆగండి. చిన్న క్లిప్పుకి తగిలించి, తలుపులు మూసిన అలమార్లో కాకుండా గాలి ఆడే చోట వేలాడదీయండి, తుడవక్కర్లేదు, దానంతటదే ఆరుతుంది. వాసన పూర్తిగా పోయాకే కవర్లో పెట్టండి, పాత బటర్ పేపర్ కవర్లు జిగురు పట్టి పసుపెక్కి ఉంటే మార్చేయండి, ఆ కవర్ల మీద ఉన్న పేర్లూ తేదీలూ మాత్రం పారేసేముందు ఫోన్‌తో ఫోటో తీసి ఫైలు పేరులో కలుపుకోండి, ఎవరి పెళ్ళో ఎవరి ఫంక్షనో చెప్పేది అదొక్కటే.